కాకులు – మామూలే

నీళ్ల మీటర్లు చదివే ఆయనకు ఆ వీధుల్లో రెండు పేర్లుండేవి. పెద్దవాళ్లకు మీటరాయన. మెడలో ఎప్పుడూ బైనాక్యులర్స్ వేలాడుతూ ఉంటాయి కాబట్టి పిల్లలకు పిట్టలాయన. అమ్మానాన్నలు పెట్టిన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు.

ఉద్యోగం గొప్పగా చెప్పుకునేదేమీ కాదు. ఇంటింటికీ వెళ్లి, గేటు పక్క గుంత మీది ఇనుపమూత ఎత్తి, లోపలున్న బొద్దింకల్ని పలకరించి, మీటరు అద్దం బొటనవేలితో తుడిచి, అంకె రాసుకోవాలి. గేటుకు తాళం ఉంటే అంకె ఉన్నచోట ‘తాళం’ అని రాస్తే చాలు. ఆఫీసులో వాళ్లు వెనకటి మూడు నెలల వాడకం చూసి సగటు వేసేస్తారు. దాన్ని తప్పని ఎవరూ అనరు, పద్ధతే అది. ముప్ఫై ఒక్కేళ్లు ఆ పద్ధతిలో నలిగిన మనిషి మన మీటరాయన. ఈ తాళం సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దానితో పని పడుతుంది.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే, అడిగిన ప్రతివాడికీ ఒక్కో కారణం చెప్పేవాడు. అన్నయ్య ఇంటి మీద ఒక గది, అందులో ఒక మంచం, ఒక రేకుపెట్టె. భోజనం కింద వదిన దగ్గర. అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్కు, ఇంట్లో ఉన్నా ఆవలింతల్లోనే ఉంటాడు. ఇల్లు నడిచేదంతా వదిన కుట్టుమిషను మీదే. చుట్టుపక్కల రెండు బడుల పిల్లల యూనిఫారాలు ఆమె చేత్తో కుట్టినవే. వంటింటి వెనక పిట్టగోడ మీద రోజూ పొద్దున్నే నాలుగు మెతుకులు వేసేది, కాకులు వచ్చి తినిపోయేవి. “నాకు మేత పెట్టాల్సినవి రెండు జాతులమ్మా, కాకులూ, మా మరిదీ. కాకులే నయం, కూరలో ఉప్పు తక్కువైందనవు” అని బట్టలివ్వడానికి వచ్చినవాళ్లతో అనేది. మరిది నవ్వి ఇంకో ముద్ద పెట్టించుకునేవాడు.

పిట్టల పిచ్చి ఎట్లా పట్టిందంటే, దానికీ ఒక తాళమే కారణం. పందొమ్మిదేళ్ల కిందట, రిటైరైన సైన్సు టీచరమ్మ ఒకావిడ ఇంట్లో మీటరు గోడలోని పెట్టెలో ఉండేది. ఒకనాడు తలుపు తీస్తే లోపల పిచ్చుక గూడు, గూట్లో నాలుగు గుడ్లు. మళ్లీ మెల్లగా మూసేసి కాగితం మీద ‘తాళం’ అని రాసుకున్నాడు. మరుసటి నెలా అంతే. టీచరమ్మ గేటు దగ్గరే నిలబడి చూసింది.

“నేను నిక్షేపంలా ఇంట్లోనే ఉంటే తాళమని రాస్తావేమయ్యా?”

“లోపల కాపురం ఉందండీ, పిల్లలు రెక్కలొచ్చి పోయాక చదువుతాను.”

ఆవిడ నవ్వింది. లోపలికి పిలిచి, పోయిన భర్త వాడిన బైనాక్యులర్స్, ఒక గీతల నోటుపుస్తకం చేతిలో పెట్టింది. “రోజూ రాయి. చూసింది రాయి, చూడంది రాయకు. సైన్సంటే ఇంతే, దీనికి పెద్ద చదువులక్కర్లేదు” అంది. ఆ మాట మొదటి పుస్తకం మొదటి పేజీలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. రాసుకోవడానికేం, అందరం రాసుకుంటాం.

మొదటి ఏడాది నిజంగానే అన్నీ లెక్కపెట్టాడు. గోరింకలు ఎన్ని, లకుముకిపిట్టలు ఎన్ని, సాయంత్రం సెల్ టవరు మీద వాలే కాకులు ఎన్ని. కాకులు రోజూ నలభై, ఒకటీ అరా అటూ ఇటూ. నలభై, నలభై, నలభై. ఎంతకాలమని రాస్తాడు? రెండో ఏడు నుంచి కాకుల దగ్గర ‘మామూలే’ అని రాయడం మొదలుపెట్టాడు. మూడో ఏడుకి అది కూడా బరువైంది. ప్రతి నెలా మొదటి ఆదివారం తీరిగ్గా కూర్చుని, ముప్ఫై రోజుల తేదీలు వరసగా వేసి, ఒక్కో తేదీ కింద ‘కాకులు – మామూలే’ అని ముందే రాసి పెట్టేవాడు. మిగతా పిట్టల సంగతి ఏ రోజుది ఆ రోజు నింపుకునేవాడు. మోసం చేస్తున్నానని ఒక్కనాడూ అనిపించలేదు. తాళం వేసిన ఇంటికి సగటు వేసినట్టే కదా!

పైగా కాకిని ఎవడు చూస్తాడు? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. ఆయన చూపంతా ఎక్కడెక్కడి నుంచో వలస వచ్చే పిట్టల మీద. ఊళ్లో ఆయనలాంటి పిట్టల పిచ్చివాళ్లు మరో నలుగురున్నారు, వాళ్ల ముందు గొప్పకు పోవడానికి కాకులు పనికిరావు మరి.

ఆ ఏడాది వేసవి చివర ఆరోగ్యశాఖ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. వయసు ముప్ఫై దాటదు, చెప్పులు తెగేలా తిరిగే రకం. రోగులకు మందులిచ్చే డాక్టరు కాదు, జబ్బులు ఎక్కడ పుడతాయో వెతికే డాక్టరు. పక్క ఊళ్లలో దోమల వల్ల ఒక కొత్త జ్వరం వస్తోందని, అది మెదడును పడుతుందని, మనుషులకంటే ముందు కాకులకు తగులుతుందని వివరంగా చెప్పింది.

“కాకులు తగ్గడం మొదలైతే దాదాపు మూడు వారాల్లో మనుషుల్లో జ్వరం కనబడుతోంది బాబాయిగారూ. అంటే కాకులే మనకు గంట కొడుతున్నట్టు. ఆ గంట వినబడగానే ఆ వార్డులో దోమల మందు కొట్టించి, నీళ్ల తొట్లు ఖాళీ చేయిస్తే సగం ఆపొచ్చు. మందు కొట్టే మిషన్లు నాకు రెండే ఇచ్చారు. వార్డులు తొమ్మిది. ఏ వార్డుకి పంపాలో మీలాంటివాళ్ల పుస్తకాలే చెప్పాలి.”

మీటరాయన రేకుపెట్టె తెరిచి, అట్టలు వేసిన పందొమ్మిది పుస్తకాలూ ఆమె ముందు పేర్చాడు. ఆమె వాటిని చూసి నోరు తెరిచింది. “ఒక్కరోజు కూడా వదల్లేదా!” అంది. ఆయన వినయంగా తలవంచుకున్నాడు. వినయం అంటే ఏమిటో తెలుసు కదా, ఇంకొంచెం పొగడమని అడగడం.

“ఇక్కడ మామూలే అని ఉంది. అంటే సుమారుగా ఎన్ని?”

“నలభై దాకా ఉంటాయండీ.”

ఆమె నలభై అని రాసుకుంది. ఆ రోజు నుంచి ప్రతి శనివారం ఫోను చేసేది. “కాకులు?” అని ఆమె అడగడం, “మామూలే” అని ఈయన చెప్పడం. ఆమె కంప్యూటరులో ఆ వార్డు పేరు ఎదురుగా ప్రతి వారం ఒక నలభై పడేది.

వానలు వెనకబట్టాయి. నీళ్లశాఖ వడపోత చెరువుల దగ్గర, తుంగ పొదల్లో, నీలం గొంతు పిట్ట కనబడిందని మీటరాయనకు కబురందింది. పిచ్చుకంత పిట్ట, గొంతు మీద నీలం, మధ్యలో ఇటుకరంగు చుక్క. ఊళ్లో అప్పటిదాకా ఎవరూ రాసుకోలేదు. ఇంకేముంది, రోజూ తెల్లారకముందే సైకిలెక్కి చెరువు దగ్గరికి పోవడం, డ్యూటీ వేళకు ఉరుకులు పరుగుల మీద రావడం. ఇరవై రెండు రోజులు అదే తంతు.

ఆ రోజుల్లోనే ఒకనాడు టిఫిను పెడుతూ వదిన అంది: “ఏమయ్యా, నిన్నా ఇవాళా కాకులు రాలేదు. గోడ మీద మెతుకులు అట్లాగే ఉన్నాయి, చీమలు పట్టాయి.”

“ఎక్కడికి పోతాయి వదినా? కాకులూ, చుట్టాలూ పిలవకపోయినా వస్తారు.”

వదిన నవ్వింది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ అంది. “నువ్వు పిట్టలాయనవి కదా, ఒక్కసారి వెనక్కొచ్చి చూడు. ఒక్క అరుపు లేదు. పొద్దున్నే చెవులు దిబ్బళ్లేసినట్టుంది నాకు.”

“ఆలస్యమవుతోంది వదినా, రేపు చూస్తాలే.”

మూడోసారి ఆమె గేటు దాకా వచ్చి చెప్పింది. వెనక సందులో కాకి చచ్చి పడుందనీ, కుక్క కూడా ముట్టలేదనీ. అప్పటికే ఆయన సైకిలు మీద ఉన్నాడు. “కరెంటు తీగ తగిలుంటుంది” అన్నాడు, వెనక్కి చూడకుండానే. వదిన గేటు పట్టుకుని అట్లా నిలబడే ఉంది. ఆ పూట నీలం గొంతు పిట్ట తుంగ మీదికి వచ్చి మూడు నిమిషాలు కూర్చుంది. ఆ మూడు నిమిషాల గురించి ఆయన రెండు పేజీలు రాశాడు. ఆ రెండు పేజీల పైన, నెల మొదట్లోనే రాసిపెట్టిన వాక్యం అట్లాగే ఉంది: కాకులు – మామూలే.

శనివారం డాక్టరమ్మ ఫోను చేసింది, ఈయన మామూలే అన్నాడు. మిషన్లు రెండూ నది ఒడ్డు వార్డులకు పోయాయి. అక్కడ లెక్కలు రాసేది ఒక స్కూలు డ్రిల్లు మాస్టారు. మూడు రకాల పిట్టల పేర్లు కూడా సరిగ్గా తెలియని మనిషి, కాకుల్ని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు.

జ్వరం మొదట ఇస్త్రీబండి ఆయనకు వచ్చింది. వదిన కుట్టిన యూనిఫారాలన్నీ ఆయన పెట్టె కిందికే పోయేవి. తలనొప్పన్నాడు, మెడ తిరగడం లేదన్నాడు, ఆరో రోజున పోయాడు. ఆ వారంలోనే వీధిలో మరో పదిమంది పడ్డారు. పదకొండో మనిషి వదిన.

పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. అందులో నాలుగు రోజులు ఎవర్నీ గుర్తుపట్టలేదు. పెద్ద వార్డు, పచ్చరంగు తెరలు, ఫినాయిలు వాసన. రాత్రి అన్నయ్య, పగలు మరిది. నాలుగో రోజు సాయంత్రం ఆమె కళ్లు తెరిచి మరిదిని చూసి మొట్టమొదట అన్న మాట, “తిన్నావా?” అని. ఆయన బయటికి వచ్చి, మెట్ల కింద, స్ట్రెచర్లు పెట్టేచోట నిలబడి, చేతిరుమాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

ప్రాణం దక్కింది. కుడిచేతికి వణుకు మిగిలిపోయింది. సూదిలోకి దారం ఎక్కించబోతే చెయ్యి గాలిలో గిలగిల్లాడుతుంది. డాక్టర్లు ఏడాది పట్టొచ్చన్నారు, పూర్తిగా తగ్గకపోనూవచ్చన్నారు. బడివాళ్లు మిగిలిన గుడ్డ వెనక్కి పట్టుకుపోయారు. పోతూ పోతూ నొచ్చుకున్నారు కూడా, మంచివాళ్లే.

అప్పటికి మీటరాయనకు అంతా అర్థమైపోయింది. ముందే అర్థమైంది నిజానికి, ఇస్త్రీబండి ఆయన శవం వీధి దాటుతున్నప్పుడే. సెల్ టవరు వైపు తలెత్తి చూశాడు ఆ రోజు, ఇన్నేళ్ల తర్వాత. ఇనుప కమ్మీలు తప్ప ఏమీ లేవు. అయినా ఎవరికీ చెప్పలేదు. రేపు చెబుదాం, వదిన కోలుకున్నాక చెబుదాం, అడిగితే చెబుదాం. సిగ్గుకు ఇన్ని వాయిదాలుంటాయని ఆయనకప్పుడే తెలిసింది.

ఈలోగా ఆరోగ్యశాఖలో సమావేశం పెట్టారు. పిట్టలవాళ్లను కూడా పిలిచారు. పొడవాటి బల్ల, అందరి ముందూ నీళ్ల సీసాలు, గోడ మీద తెర. తెర మీద తొమ్మిది వార్డుల గీతలు. ఎనిమిది గీతలు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. తొమ్మిదోది మాత్రం బల్లచెక్కలా తిన్నగా ఉంది. అది ఆయనదే.

పెద్ద ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు: “చూడమ్మా, జ్వరం అన్నిటికంటే ఎక్కువొచ్చిన వార్డులో కాకులు ఒక్కటి కూడా తగ్గలేదు. నీ గంటేదో మోగలేదు మరి. వచ్చే ఏడాది దీన్ని కొనసాగించడం దండగ. కాకుల మీద భారం వేసి కూర్చుంటే జనం మనల్ని కాకుల్లా పొడుస్తారు.”

నలుగురు నవ్వారు. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. “ఆ ఒక్క వార్డే నాకూ అర్థం కావడం లేదు సార్. కానీ అన్నిటికంటే నమ్మకమైన లెక్క అదే. పందొమ్మిదేళ్లలో ఒక్కరోజు కూడా తప్పలేదు. దాన్ని కాదని నేను రాయలేను” అంది. తుది నివేదిక సోమవారం ఇస్తానంది. మీటరాయన నోరు తెరిచాడు. గొంతులోంచి వచ్చింది మాత్రం, “కొద్దిగా అటూ ఇటూ ఉండొచ్చండీ” అన్న ముక్క. “మీరు మరీ మొహమాటపడకండి బాబాయిగారూ” అంది ఆమె.

ఇంటికి సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు, ఎక్కబుద్ధి కాలేదు. తన అబద్ధం ఒక మనిషిని చంపింది, వదిన చెయ్యి తీసుకుంది, ఇక అక్కడితో ఆగడం లేదు. వచ్చే ఏడాది కాకులు మళ్లీ చస్తాయి, ఈసారి లెక్కపెట్టే దిక్కే ఉండదు. ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆ రాత్రి కూడా చెప్పలేదు. ఇది దాచడం ఎందుకు, అంత పిరికివాడు.

శనివారం డాక్టరమ్మే ఇంటికి వచ్చింది. జ్వరం వచ్చినవాళ్లందరినీ కలిసి ఒక ఫారం నింపుతోంది. వదిన కుట్టుమిషను ముందు స్టూలు మీద కూర్చుని ఉంది, పని లేకపోయినా కూర్చోవడం అక్కడే. కుడిచేతిని ఎడమచేతితో ఒళ్లో అదిమి పట్టుకుంది. మీటరాయన గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. జ్వరం ఏ రోజు మొదలైంది, ఇంట్లో నీళ్లు ఎక్కడ నిలవ ఉంటాయి, దోమతెర కట్టుకుంటారా... ఒక్కొక్కటీ అడిగి రాసుకుంటోంది ఆమె.

“జ్వరానికి ముందు ఇంటి చుట్టుపక్కల పక్షులు తగ్గడంగానీ, చచ్చి పడటంగానీ చూశారా అమ్మా?”

వదిన తలెత్తి మరిది మొహం చూసింది. ఒక్క క్షణమే. తర్వాత మిషను చక్రం మీద కళ్లు పెట్టి అంది: “నాకేం తెలుసమ్మా. తలెత్తి చూసే తీరికెక్కడిది నాకు? పిట్టల సంగతంతా మా మరిదే చూసుకుంటాడు. ఆయన్నే అడగండి.”

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమెను ఎరుగుదును అనుకున్నాడు ఆయన. కూర మాడితే మాడిందనేది, గుడ్డ మిగిలితే పీలికతో సహా వెనక్కిచ్చేది, మొగుడు తప్పుచేస్తే నలుగురిలో నిలదీసేది. ఆ మనిషి అబద్ధమాడింది. మూడుసార్లు చెప్పిన మాటను తనే మింగేసి, చేయి పోగొట్టుకున్నది చాలనట్టు, మరిది పరువు కోసం అబద్ధమాడింది. తల తీసేసినట్టయింది ఆయనకు. ఆమె తిట్టి ఉంటే తట్టుకునేవాడేమో.

గబగబా మెట్లెక్కి పైకి పోయాడు. ఆ ఏడాది పుస్తకం తెచ్చి డాక్టరమ్మ ఒళ్లో తెరిచి పెట్టాడు.

“ఇంకు చూడండి డాక్టరమ్మా.”

ఆమెకు అర్థం కాలేదు.

“కాకుల దగ్గర చూడండి. ముప్ఫై రోజులూ ఒకే ఇంకు, ఒకే కలం, ఒకే వాలు. మిగతా పిట్టల దగ్గర ఏ రోజు ఇంకు ఆ రోజుది. ఒకనాడు వానకు తడిసింది, ఒకనాడు పెన్సిలు. కాకులు మాత్రం... మొదటి ఆదివారమే నెలంతా రాసేస్తాను. మామూలే అంటే అక్కడ కాకులున్నాయని కాదండీ. నేను చూడలేదని.”

ఆమె ఒక్కో పేజీ తిప్పింది. వెనకటి నెల, అంతకు ముందు నెల.

“పందొమ్మిదేళ్లూనా?”

“మొదటి ఏడాది చూశాను. మా వదిన మూడుసార్లు చెప్పింది కాకులు రావట్లేదని. గేటు దాకా వచ్చి చెప్పింది. నేను ఏదో పిట్ట కోసం పోయాను.”

డాక్టరమ్మ ఆయన్ని ఓదార్చలేదు. పుస్తకం మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, చాలా మెల్లగా అంది: “నా దగ్గర రెండు మిషన్లుండేవి బాబాయిగారూ. ఒకటి ఇక్కడికి రావాల్సింది. ఆ శనివారం మీరు ‘చూడలేదమ్మా’ అని ఉంటే నేనే వచ్చి చూసుకునేదాన్ని.” ఆ మాట ఆయన చెవిలో ఇప్పటికీ ఉంది. అంత తేలికైన మాట, మూడు సెకన్లు పట్టదు అనడానికి.

“ఇప్పుడు అసలు తేదీ ఎక్కణ్ణుంచి తేను నేను?” అంది ఆమె, ఎవర్నీ అడగనట్టు.

వదిన మిషను సొరుగు లాగింది. ఎడమచేత్తో కొలతల పుస్తకం తీసింది. అట్ట చిరిగిన పుస్తకం, ప్రతి పేజీలో పిల్లల చాతీ కొలతలూ, చేతుల పొడవులూ, ఇచ్చిన తేదీలూ.

“మూడో తరగతి పిల్ల, బక్కపలచన, రెండు జతలు. ఇదిగో, ఆరో తారీకు. ఆ పూట గౌనుకు గుండీలు కుడుతూ గోడ వైపు చూశాను, మెతుకులు అట్లాగే ఉన్నాయి. ముందురోజు కూడా రాలేదు, అంటే అయిదు. అంతకు రెండు రోజుల ముందు ఈ కవలపిల్లల చొక్కాలిచ్చాను, ఆ రోజు నాలుగే వచ్చాయి. రోజూ పదీ పన్నెండు వచ్చేవి. చచ్చిన కాకిని చూసింది, ఇదిగో, ఈ లావుపాటి అబ్బాయి లాగు నాడా మార్చిన రోజు. పదకొండు.”

“ఇస్త్రీ ఆయనకు జ్వరం ఎప్పుడొచ్చింది?”

“ఇరవయ్యారున. ఆ రోజు బట్టలు తీసుకోవడానికి రాలేదు.”

డాక్టరమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. సరిగ్గా మూడు వారాలు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, అది సంతోషమో కోపమో చెప్పడం కష్టం. గంట మోగింది. వంటింటి వెనక మోగింది. విన్న మనిషి చెబితే వినాల్సినవాడు వినలేదు, అంతే.

“నివేదికలో ఈ తేదీలు రాస్తాను, చూసింది మీరేనని రాస్తానమ్మా. బాబాయిగారూ, మీ కాకుల లెక్క మొత్తం తీసెయ్యాలి. ఎందుకు తీసేశానో కూడా రాయాలి.”

“రాయండి. దాచకండి.”

రాసింది. పథకం ఆగలేదు, వచ్చే ఏడాదికి మిషన్లు నాలుగు చేశారు. ఆ సంగతి విన్నప్పుడు మీటరాయనకు ఊరట కలగలేదంటే అబద్ధం, కానీ ఆ ఊరటకు కూడా సిగ్గుపడ్డాడు. ఊళ్లో తెలియడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ఆఫీసులో గుమాస్తా ఒకడు, “ఏం గురూ, కాకిలెక్కలంటే విన్నాంగానీ చూడ్డం ఇదే” అన్నాడు. ఈయన కాగితాలు తీసుకుని బయటికి వచ్చేశాడు. అన్నయ్య నెలరోజులు పలకలేదు. ఒకే గదిలో కూర్చుని తినేవాడు, నీళ్లచెంబు కావాలంటే లేచి వెళ్లి తెచ్చుకునేవాడు గానీ తమ్ముణ్ణి అందించమనలేదు.

ఆ నెల మీటర్లు చదువుతూ ఇస్త్రీబండి ఆయన ఇంటిముందుకు వచ్చాడు. గేటు బార్లా తీసే ఉంది. బండి గోడవార నిలబెట్టి ఉంది, దాని మీద చల్లారిన పెట్టె. కాగితం మీద పెన్సిలు పెట్టాడు. ‘తా’ అని రాశాడు. చేతికి అదే వచ్చింది మరి, దానికి సిగ్గూ శరమూ ఏముంది. ఆ అక్షరం మీద అడ్డగీత కొట్టి, లోపలికి వెళ్లి, గుంత మూత ఎత్తాడు. ఇస్త్రీ ఆయన భార్య వాకిట్లో కూర్చుని చూస్తోంది. వాడకం పోయిన నెలదాంట్లో సగం కూడా లేదు, బట్టల మీద నీళ్లు చిలకరించే మనిషి లేడు కదా. మీటరాయన లేచి నిలబడి, చెప్పాల్సింది ఆమెకు కూడా చెప్పాడు. ఆమె అంతా విని, “అంకె రాసుకున్నావా?” అని అడిగింది. రాసుకున్నానన్నాడు. “అయితే వెళ్లు” అంది.

ఇప్పుడు ఆయన చెరువుల వైపు పోవడం మానేశాడు. పొద్దున్నే లేచి మొదట వదిన సూదులకు దారాలు ఎక్కిస్తాడు. పది సూదులకు ఎక్కించి వరసగా దూదిదిండుకు గుచ్చి పెడతాడు, చేయి కాస్త నిలిచినప్పుడు ఆమె ఒకటో రెండో గుండీలు కుట్టుకుంటుంది. తర్వాత ఇద్దరూ వంటింటి వెనక గట్టు మీద కూర్చుంటారు. వదిన ఎడమచేత్తో మెతుకులు వేస్తుంది. ఆయన పుస్తకం తెరుచుకుని ఏడున్నర దాకా చూస్తాడు. చూసి, ‘కాకులు – సున్నా’ అని రాస్తాడు. తొంభై నాలుగు రోజులు వరసగా సున్నాలే రాశాడు, ఏ రోజు సున్నా ఆ రోజే.

తొంభై అయిదో రోజున ఒక కాకి వచ్చింది. కరెంటు తీగ మీద వాలి, మెడ అటూ ఇటూ తిప్పి, గోడ మీదికి దిగింది.

“అదిగో, రాసుకో” అంది వదిన.

ఒకటి అని రాశాడు. ఆమె కాకినే చూస్తూ, కోపం లేకుండా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది: “ఆ రోజు గేటు దగ్గర పిలిచాను కదా, అప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుంటే బాగుండేదయ్యా.”

ఆ మాట ఆమె అనడం అదే మొదలు. ఆయన తల దానంతటదే పుస్తకం మీదికి వాలిపోయింది. అక్షరాలు కనబడలేదు.

“తల దించుకుంటే ఏం కనబడుతుంది? పైకెత్తు. అది ఎగిరిపోతుంది, తిన్నదో లేదో చూసి రాయి” అంది వదిన.

ఆయన తలెత్తాడు. కళ్లు తుడుచుకోకుండానే చూశాడు. కాకి తింటోంది.